పైకప్పు మీద రెండు చరుపులు

యేసుదాస్ చేతికి కారు వస్తే మొదట దాని ఒంటి మీద ఉన్నవన్నీ ఊడబెరికి గోడకు చేరుస్తాడు. కోయంబత్తూరు శివార్లలో సింగానల్లూరు అవతల మూతపడిన నూలు మిల్లులో, ఒకప్పుడు దూది బేళ్ళు పేర్చిన గోడౌనే అతని షెడ్డు. ఆ గోడ పొడుగునా ఊడదీసిన ముక్కలే. ప్రతి ముక్క మీదా సుద్దతో దాని బరువు రాసి ఉంటుంది. వెనక సీటు ఇరవై మూడు కిలోలు, స్పేరు చక్రం పద్దెనిమిది, తలుపుల లోపలి అట్టలు నాలుగూ కలిపి పదకొండు. ఎందుకు రాస్తావయ్యా అని అడిగితే, తీసింది కళ్ళ ముందు లేకపోతే తీశామన్న సంగతే మరిచిపోతాం అంటాడు.

ఉన్నదాన్ని ఊడబెరకడం కూడా ఒక విద్యేనా అని నవ్వేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మొహం. ఏది తీసినా కారు ఓర్చుకుంటుందో, ఏది తీస్తే మలుపులో మనిషిని తినేస్తుందో తెలియాలంటే నలభై ఏళ్ళు రేకుతో కాపురం చెయ్యాలి. యేసుదాస్ చేశాడు. పద్నాలుగో ఏట సుత్తి పట్టి సొట్టలు తీయడంతో మొదలుపెట్టి, తుప్పు కొయ్యడం, వెల్డింగు పెట్టడం నేర్చి, యాభై నాలుగేళ్ళకు కోయంబత్తూరులో కారు బరువు దించాలంటే దాస్ దగ్గరికే పొమ్మనే దాకా వచ్చాడు. చదువు ఐదో తరగతి, అదీ తమిళంలో.

మిల్లు ధర్మలింగంగారిది. వాళ్ళ పెద్దలు ఎన్ని వందల ఏళ్ళ కింద ఈ సీమకు వచ్చారో లెక్క లేదు కాని, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. యేసుదాస్ పెద్దలు కూడా వాళ్ళ వెనకే వచ్చారు, ఎద్దులతో నీళ్ళు తోడే వాళ్ళ కపిలబావులకు తోలు బొక్కెనలు కుట్టడానికి, కళ్ళాల్లో చాకిరీ చెయ్యడానికి. వీళ్ళ ఇంట్లోనూ తెలుగే. తాత చర్చిలో చేరి ఇంట్లో అందరి పేర్లూ మార్చాడు. పేర్లు మారాయి గాని, ధర్మలింగంగారి ఇంటికి వెళ్ళే దోవ మారలేదు. అప్పుడూ పెరటి దోవే, ఇప్పుడూ పెరటి దోవే.

ధర్మలింగంగారి ఒక్కగానొక్క కొడుకు జగదీష్. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, కుదురు లేనివాడు, మంచివాడు. ఒకరోజు కొచ్చి నుంచి పన్నెండేళ్ళ పాత సెడాన్ ఒకటి కొని తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. నల్ల రంగు, టర్బో ఇంజను, తోలు సీట్లు, పైన అద్దాల కిటికీ. దొరలాంటి కారు.

"దాస్ అన్నా, దీన్ని ట్రాక్ కోసం తయారు చేద్దామా?"

ఊరి బయట రేసు ట్రాక్‌లో కొన్ని ఆదివారాలు ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని తిప్పుకోవచ్చు. పందెం కాదు, కప్పూ లేదు. పోయినసారి తనకు పట్టిన టైములో అర సెకను తగ్గించుకుంటే అదే పండగ. బయటివాళ్ళకు పిచ్చిగానే ఉంటుంది. ఆ పిచ్చి పట్టినవాడికి ఇంకేదీ రుచించదు.

"తయారు చేద్దాం సామీ. అయితే ఈ వండికి ఒళ్ళు ఎక్కువ. సగం కొవ్వు కరిగించాల" అన్నాడు యేసుదాస్. బండిని వాళ్ళు తమిళంలోలాగా వండి అనే అంటారు.

"సామీ అనొద్దన్నా. తమ్ముణ్ణి పిలిచినట్టు తంబీ అను."

తరతరాల అలవాటు నాలుక మీద నుంచి అంత తేలిగ్గా పోతుందా? తంబీ అనలేకపోయాడు, సామీ అననివ్వడం లేదు. చివరికి ‘తంబిసామి’ అని పిలవడం మొదలుపెట్టాడు. జగదీష్ పడీ పడీ నవ్వి, పోనీలే, సగం గెలిచాను అన్నాడు.

ఏడు నెలలు పట్టింది. సీట్లు, తివాచీలు, ఏసీ, పాట పెట్టె, పైకిటికీ అన్నీ పోయాయి. చప్పుడు రాకుండా నేలకు అతికించిన తారు పలకల మీద పొగలు కక్కే డ్రై ఐస్ గడ్డలు పరిచి, అవి పెళుసెక్కాక సుత్తితో కొట్టి పెచ్చులు పెచ్చులుగా లేపారు. వెనక అద్దాలు తీసి తేలికైన ప్లాస్టిక్ పలకలు బిగించారు. స్టీరింగు ముందుండే లావుపాటి డాష్‌బోర్డును కోసేసి, దాని చోట చదునుగా ఒక అల్యూమినియం రేకు పరిచారు. ఇద్దరూ నేల మీద పక్కపక్కన వెల్లకిలా పడుకుని, ఒకే టార్చి వెలుతురులో పని చేశారు. దూది బేళ్ళు తూచిన పాత కాటాలు నాలుగు మిల్లులో మిగిలి ఉంటే, వాటిని బాగుచేసి ఒక్కో చక్రం కింద ఒక్కోటి పెట్టి తూచేవాడు యేసుదాస్. పద్నాలుగు వందల డెబ్బై కిలోల కారు పన్నెండు వందల ముప్పైకి దిగింది.

ఆ తర్వాత యేసుదాస్ లోపల ఇనుప పైపుల పంజరం కట్టాలన్నాడు. కారు బోర్లాపడినా, దేన్నైనా గుద్దుకున్నా మనిషి నలగకుండా కాచేది అదే.

"ముప్పై ఎనిమిది కిలోలన్నా! రెండు నెలల కష్టం బూడిదలో పోసినట్టే" అని జగదీష్ గింజుకున్నాడు.

"అది లేకుంటే వండి ఈ షెడ్డు గడప దాటదు తంబిసామీ. కోపమొస్తే రానీ."

అనేశాక తనకే ఆశ్చర్యమేసింది. ఆ ఇంటివాళ్ళకు వద్దు అని ఎదురు చెప్పిన మొదటి మనిషి తమ వంశంలో తనే అయి ఉంటాడు. జగదీష్ కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత టీ చెప్పించాడు. పంజరం కట్టారు.

ఇంకో నియమం కూడా పెట్టాడు. కారులో బిగించని వస్తువు ఏదీ ఉండకూడదు. పెన్ను ఉండకూడదు, నీళ్ళ సీసా ఉండకూడదు, జేబులో తాళం చెవి ఉండకూడదు. మామూలు కారులో కింద పడ్డది తివాచీ మీద ఆగుతుంది. ఇందులో బోడి రేకు. బ్రేకు వేశారంటే వదులుగా ఉన్నదంతా పెడళ్ళ దగ్గరికే దొర్లుతుంది. అందుకని జగదీష్ ట్రాక్ మీదికి వెళ్ళే ముందు ప్రతిసారీ యేసుదాస్ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూచుని, ఒట్టి చేత్తో నేలంతా తడిమేవాడు. పెడళ్ళ కింద, సీటు కింద, పక్కన, వెనక. అంతా చూశాక లేచి పైకప్పు మీద రెండు చరుపులు చరిచేవాడు. ఆ రెండూ పడందే జగదీష్ గేరు వేసేవాడు కాదు.

మూడు ఆదివారాలు చక్కగా గడిచాయి. ట్రాక్ దగ్గర అందరూ తమిళంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుకుంటుంటే, వీళ్ళిద్దరూ తెలుగులో కారు మంచిచెడ్డలు గుసగుసలాడుకునేవారు. రెండో మలుపులో తోక ఊపుతున్నదన్నా అని జగదీష్ అనేవాడు. చక్రాల్లో గాలి రెండు పౌండ్లు తగ్గించినాను, ఇప్పుడు పోయి చూడు అని యేసుదాస్ అనేవాడు. యేసుదాస్ బతుకులో అంత సంతోషపడిన రోజులు లేవు. ఇంటికొచ్చి భార్య వీరాయితో ఆ మలుపులన్నీ చేతులతో తిప్పి చూపించేవాడు. ఆవిడ విసుక్కునేది, అయినా వినేది.

నాలుగో ఆదివారం ధనమ్మాళ్ వచ్చింది.

ధనమ్మాళ్ జగదీష్ తల్లి. దుర్మార్గురాలేమీ కాదు. యేసుదాస్‌కు కామెర్లు వచ్చినప్పుడు నెల రోజులు మజ్జిగ పంపించిన మనిషి. కొడుకు ఫోనులో కారు ఫోటో చూసి, సీట్లు లేని ఆ డొల్లను చూసి, ఆవిడకు నిద్ర పట్టలేదు. మదురై పక్కన వాళ్ళ కులదేవత గుడికి వెళ్ళి కుంకుమ పూజ చేయించింది. అత్తగారు తనకిచ్చిన నిమ్మకాయంత ఇత్తడి భరిణెలో ఆ కుంకుమ నింపి, మొగుణ్ణి వెంటబెట్టుకుని పొద్దున్నే ట్రాక్ దగ్గరికి వచ్చింది. వాళ్ళింట్లో ఏ కారు కొన్నా అలాంటి భరిణె ఒకటి గేరు ముందున్న గుంటలో ఉంటుంది. ఈ కారులో ఆ గుంట లేదు. అది కోసి పారేసినవాడు యేసుదాసే.

హారతి ఇచ్చారు, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ధనమ్మాళ్ తడిపిన పసుపు ముద్ద ఒకటి తీసి, స్టీరింగు వెనక అల్యూమినియం రేకు మీద పెట్టి, దాంట్లో భరిణెను అదిమింది. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.

యేసుదాస్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"అమ్మా... వండిలో ఏమీ ఉండగూడదు. తంబిసామికి తెలుసు. అది జారితే..."

"సామి బరిణె ఏం చేస్తాదిరా నీకు?" అన్నారు ధర్మలింగంగారు, గొంతు పెంచకుండానే. "నీ పని నువ్వు చూసుకో."

జగదీష్ అప్పటికే హెల్మెట్ పెట్టుకుని బెల్టులు బిగించుకుంటున్నాడు. తల్లి మొహం చూశాడు, యేసుదాస్ మొహం చూశాడు. "ఒక్క రౌండే అన్నా. అమ్మ కోసం. అది అయినాక అప్పురం లోపలికి వచ్చి తీసేస్తా, ప్రామిస్."

యేసుదాస్ మోకాళ్ళ మీద కూచున్నాడు. నేలంతా తడిమాడు. శుభ్రంగా ఉంది. తలెత్తితే భరిణె మూరెడు దూరంలో ఉంది. చెయ్యి చాపితే అందేది. చెయ్యి రాలేదు.

అతనికి ఏడేళ్ళప్పుడు ఏం జరిగిందంటే, వాళ్ళమ్మ ఆ ఇంటి పెరడు ఊడుస్తుండగా ఉన్నట్టుండి వాన వచ్చింది. తులసికోట దగ్గర పూజ పళ్ళెం తడిసిపోతున్నదని, పాపం, ఆవిడ దాన్ని తీసి అరుగు మీద పెట్టింది. అంతే. ధర్మలింగంగారి తల్లి ఆ పళ్ళేన్ని బావిలో పారేయించి, ముట్టినదాన్ని ఆ వానలోనే సాయంత్రం దాకా నిలబెట్టింది. అమ్మ కొంగు పట్టుకుని యేసుదాస్ కూడా నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంటి కార్లకు ఇంజన్లు విప్పాడు, సీట్లు ఊడబెరికాడు, చివరికి ఆ ఇంటి కొడుకు తాగిన గ్లాసులో టీ తాగాడు. వాళ్ళ పూజ వస్తువు మాత్రం ఒక్కటీ ముట్టలేదు. ఎప్పుడు ఏ కారు వచ్చినా, ముందు మీ బరిణె తీసుకోండి సామీ అని చెప్పి, వాళ్ళు తీసుకున్నాకే స్పానరు పట్టేవాడు.

లేచాడు. మనసు ఒప్పుకోలేదు. ధర్మలింగంగారు చూస్తున్నారు. పైకప్పు మీద రెండు చరుపులు చరిచాడు.

మొదటి రౌండు బాగా జరిగింది. జగదీష్ లోపలికి రాలేదు. టైము బాగా పడుతుంటే ఎవడు మాత్రం ఆగుతాడు? యేసుదాస్ కంచె దగ్గర నిలబడి రెండు చేతులూ ఊపాడు. రెండో రౌండు. ఎండ ఎక్కింది, ఏసీ లేని ఆ కారులో రేకు పెనంలా కాలుతూ ఉంటుంది, పసుపు ముద్ద ఎండి పగులుతూ ఉంటుంది. యేసుదాస్‌కు అది కంటికి కట్టినట్టు తెలుస్తోంది. ట్రాక్ పక్కన కార్లకు సైగలిచ్చే జెండా మనిషి దగ్గరికి పరుగెత్తాడు, కారును ఆపించు బాబూ అని తమిళంలో అరిచాడు. ఏమైందని వాడడిగితే, సామి కుంకుమ భరిణె అని ఎలా చెప్పాలో తోచక ఒక్క క్షణం నీళ్ళు నమిలాడు.

మూడో రౌండులో, పొడుగు దారి చివర, బ్రేకు దీపాలు వెలగాల్సిన చోట వెలగలేదు. కారు మలుపు తిరగకుండా తిన్నగా వెళ్ళి, పేర్చిన టైర్లను చీల్చుకుని వెనకున్న గోడను కొట్టింది.

అందరికంటే ముందు చేరింది యేసుదాసే. పంజరం ఒక్క చోట కూడా వంగలేదు. అతను పెట్టిన వెల్డింగు ఒక్కటీ విడలేదు. లోపల జగదీష్ తల పక్కకు వాలిపోయి ఉంది. బూట్ల నిండా ఎరుపు. నెత్తురనుకున్నాడు. కుంకుమ. బ్రేకు పెడలు వెనక భరిణె ఇరుక్కుని ఉంది, పెడలు మీద కాలు ఇంకా బిగదన్నే ఉంది. ఆ కాలు తప్పిస్తే గాని మనిషిని బయటికి లాగడానికి వీల్లేదు. అప్పుడు పట్టుకున్నాడు భరిణెను. రెండు చేతులా పట్టుకుని, గోరు ఊడివచ్చేలా లాగి, జేబులో వేసుకుని, బిడ్డను బయటికి లాగాడు. ఆసుపత్రి చేరే లోపలే జగదీష్ ప్రాణం పోయింది. మెడ విరిగిందన్నారు.

ఆ తర్వాత ఎవరి నోటికి తోచింది వాళ్ళు అన్నారు. పరీక్ష చేసినవాళ్ళు బ్రేకుల్లో లోపం లేదని, కారణం తేలలేదని రాశారు. కారణం తేలకపోతే ఊరు ఊరుకుంటుందా? కారును పీకి పీకి పెట్టిన టింకరు ఒకడున్నాడుగా. వాడు ఏదో తియ్యకూడనిది తీశాడు, పిల్లవాణ్ణి పొట్టన పెట్టుకున్నాడు. వారం తిరగకుండా యేసుదాస్ షెడ్డుకు తాళం పడింది. సొంత కారు దిద్దించుకోవడానికి వరసలో ఉన్నవాళ్ళు ఫోను ఎత్తడం మానేశారు.

యేసుదాస్ నోరు విప్పలేదు. భరిణె తన దగ్గరే ఉంది. ముందు దొంగ అంటారేమోనని భయపడ్డాడు. తర్వాత ఆ భయం కూడా పోయింది. కళ్ళు మూస్తే మూరెడు దూరంలో భరిణె, మోకాళ్ళ మీద తను. వాళ్ళ బిడ్డ కోసం ఏడవడానికి కూడా తనకు హక్కు లేనట్టు ఉండేది.

ఒకరోజు చొక్కా ఉతుకుతూ వీరాయి భరిణె చూసింది. అంతా చెప్పించుకుంది. చెప్పించుకుని మండిపడింది.

"పిచ్చోడా, ఇది పెట్టుకోని ఊరకుంటావా? పొయ్యి చెప్పు. బ్రేకు నేను చెరపలేదు, మీ బరిణె అడ్డం పడె, నేను వద్దంటిని, మీరు వినలేదు అని మొగం మీద చెప్పు. లేకుంటే ఈ జన్మకు నీ చేతికి ఇంకొక వండి రాదు. సుత్తి పట్టిన నలభై ఏండ్లూ మన్నులో కలిసిపోతాది."

ఆవిడన్నది అక్షరాలా నిజం. మిగిలింది పేరొక్కటే, అదీ పోతున్నది. పదహారో రోజు కర్మ అయిపోయిన మర్నాడు, పొద్దున పదింటికి, ఉతికిన చొక్కా వేసుకుని, భరిణెను చేతిరుమాల్లో చుట్టుకుని బయలుదేరాడు. దోవ పొడుగునా చెప్పాల్సిన నాలుగు మాటలూ నెమరేసుకుంటూనే ఉన్నాడు. ఇది బ్రేకు కింద ఉండె అమ్మా. నేను తీస్తిని. నా తప్పు ఏమీ లేదు. అందరికీ మీరే చెప్పాల.

పెరటి అరుగు మీద ధనమ్మాళ్ ఒక్కతే కూచుని ఉంది. మనిషి సగమైపోయింది. యేసుదాస్‌ను చూసి మొహం తిప్పుకోలేదు, పొమ్మనలేదు.

"ఏం దాసూ" అంది.

"అమ్మా, ఒక మాట చెప్పాలని వస్తిని" అని రుమాలు విప్పాడు.

భరిణె చూడగానే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది నీ దగ్గరనా ఉండాది? వండిలో ఉండే సామాన్లన్నీ ఇచ్చిరి, ఇది మాత్రం లేదు. నేను ఎంత వెతికిస్తిని!" ఆవిడ భరిణె మీద నుంచి చూపు తిప్పి అతని వంక చూసింది. "నువ్వు తీసేస్తివా దాసూ? నేను అట్ల తిరగంగానే తీసేస్తివా? వండిలో ఏమీ ఉండగూడదని చెప్తానే ఉంటివి గదా."

యేసుదాస్ నోరు తెరిచాడు. ఆవిడ ఆగలేదు.

"నాకు అప్పుడే తోచె" అంది ధనమ్మాళ్. "అది వండిలో ఉండుంటే గుడిలో అమ్మ నా బిడ్డను వదిలిపెడతాదా? ఎట్ల వదిలిపెడతాది? నా చేత్తో పెడితినే. పసుపు నలిపి, నా ఈ చేత్తో అదిమి పెడితినే. అది ఉండుంటే వాడు నడిచి ఇంటికి వచ్చుండడా? చెప్పు దాసూ. నువ్వే తీస్తివా?"

కుడి చెయ్యి చాపి చూపిస్తోంది. యేసుదాస్ ఆ చేతి వేళ్ళ వంకే చూశాడు. కాదు అంటే, మరి ఎక్కడుండె అని అడుగుతుంది. ఎక్కడుందో చెబితే, ఈ మనిషి ఆ చేత్తో మళ్ళీ అన్నం తింటుందా? దోవలో నెమరేసుకున్న నాలుగు మాటలూ నాలుక చివరనే ఉన్నాయి. వీరాయి గుర్తొచ్చింది. తాళం పడిన షెడ్డు గుర్తొచ్చింది.

"అవునమ్మా" అన్నాడు. "నేనే తీసేస్తిని."

అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు అతనికి. తియ్యాల్సింది కదా. ఆ పొద్దున, అందరూ చూస్తుండగా, చెయ్యి చాపి తీసేసి ఉండాల్సింది. వాళ్ళు కొట్టి ఉంటే కొట్టేవాళ్ళు, ఎండలో నిలబెట్టి ఉంటే నిలబెట్టేవాళ్ళు. తంబిసామి నాలుగో రౌండు కూడా తిరిగి లోపలికి వచ్చేవాడు.

ధనమ్మాళ్ ఏడవలేదు, తిట్టలేదు. గుండెల్లో నుంచి ఏదో దిగిపోయినట్టు ఊపిరి వదిలింది.

"ఆడ పెట్టి పో" అంది. "ఇంక నా కండ్లకు కనపడొద్దు."

అరుగు అంచున పెట్టి వచ్చేశాడు. ఇంటికి వచ్చేసరికి వీరాయి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"చెప్పితివా?"

"చెప్తిని."

"ఏమనె ఆయమ్మ?"

"నమ్మె" అన్నాడు యేసుదాస్.

వీరాయి కళ్ళు తుడుచుకుని, ఏసయ్యకు దణ్ణం పెట్టుకుని, కంచం కడిగి అన్నం వడ్డించింది. అతను తలొంచుకుని తిన్నాడు.